చెల్లెలి పన్ను కాగితం

వెబ్‌క్యామ్ ముందు ఒళ్లు చూపించి సంపాదిస్తోందని చెల్లెలు యానెత్‌ను మూడేళ్లుగా గడప తొక్కనివ్వని ఎవెలియో, వేడి జున్నురొట్టెలు పట్టుకుని కొలంబియాలోని మెడెయీన్ నగరంలో ఆమె ఇంటికొచ్చాడు.

"నా కొట్టుకి బ్యాంకు అప్పు కావాలే. పన్ను కట్టేవాళ్లే హామీ ఉండాలట. మన వంశంలో నువ్వొక్కదానివే కడుతున్నావు."

"మరి నువ్వు?"

"బిల్లులు రాస్తే నాకేం మిగుల్తుందే?"

యానెత్ పన్ను రిటర్ను తెచ్చి అతని చేతిలో పెట్టింది. వృత్తి అన్నచోట ఉన్నదున్నట్టు రాసి ఉంది. ఎవెలియో శిలువ గుర్తు వేసుకున్నాడు.

"టీచరని రాసుకోకూడదుటే? బ్యాంకు మేనేజరు మా చర్చి పెద్ద!"

"అబద్ధమాడితే పాపమని నువ్వేగా చెప్పావు, అన్నయ్యా. వద్దంటే ఇచ్చెయ్."

అతను ఇవ్వలేదు. పేజీ తిప్పి, ఆదాయం దగ్గర వేలు పెట్టి మొహం చిట్లించాడు.

"ఇంతేనా? దీనికి బ్యాంకువాళ్లు ఒప్పుకోరే. రోజూ ఇంకో రెండు గంటలు కెమెరా ముందు కూర్చోలేవూ, తల్లీ?"