పై స్వరం

"మూతి మీద కొట్టండి," అన్నాడు ఎమరీ. "ఊదే మూతి పగిలితే చాలు."

కాలేజీ బ్యాండు బస్సులో, చివరి సీట్ల మధ్య డెవాంటే బోర్లా పడి ఉన్నాడు. డ్రమ్ములు వాయించే ఇద్దరు వాణ్ని వెల్లకిలా తిప్పి మూతి మీద తన్నారు. వింతేమిటంటే వాడు మొహం దాచుకోలేదు, రెండు చేతులతో మోకాళ్లు పొదివి పట్టుకున్నాడు. ట్రంపెట్ ఊదుతూ గెంతే గెంతులగాడి బుద్ధి ఎక్కడికి పోతుంది అనుకున్నాడు ఎమరీ.

తలుపు దగ్గర కాపలా ఉన్న ఇమానీ వెనక్కి తిరిగింది. ఆమెదీ ట్రంపెట్టే. మోకాలు దెబ్బతిని గెంతలేక చివరి వరుసలో నిలబడి ఊదుతుంది.

"వదిలెయ్ ఎమరీ. వాణ్ని కొడితే నీకేం ఒరగదు."

"అంత జాలిగా ఉంటే దిగిపో."

ఇమానీ మళ్లీ తలుపు వైపు తిరిగింది.

మూడేళ్లుగా ఎమరీ పెదాలు వాచేదాకా ట్రంపెట్ సాధన చేశాడు. రేపటి ఫుట్‌బాల్ మ్యాచ్‌తో అతని బ్యాండు జీవితం అయిపోతుంది. విరామంలో మైదానం మధ్య నిలబడి ఒక్కసారి ఒంటరిగా సోలో ఊదాలని ఆశ. అది చూడ్డానికే వాళ్లమ్మ ష్రీవ్‌పోర్ట్ నుంచి వస్తోంది. ఆ సోలోని బ్రూసార్డ్ మాస్టారు ఈ ఏడే చేరిన డెవాంటేకి కట్టబెట్టాడు. వాడి గెంతులకి జనం వెర్రెత్తిపోతే పోనీ, ఎమరీ ఓర్చుకునేవాడు. కానీ సోలో చివర ఆ పై స్వరం వంక పెట్టలేనంత శుభ్రంగా పలికేది. తనకి ఎంత ఊదినా అలా రాలేదు. ఒళ్లు మండింది అందుకే.

"సోలో వద్దని నువ్వే చెప్పు మాస్టారికి."

"అది నా చేతుల్లో లేదన్నా."

ఈసారి ఎమరీ తనే పిడికిలి బిగించాడు. మొదటి గుద్దుకి ముందుపళ్లు రెండు ఊడాయి. పెదవి నిలువునా చీలేదాకా ఆపలేదు.

మర్నాడు కుట్లు వేసిన ఆ మూతిని మాస్టారు చూశాడు. ఎవరు కొట్టారని అడగలేదు.

"కాళ్లు బాగున్నాయా?"

డెవాంటే తలూపాడు.

"అయితే నడు, సోలో నీదే."

ముసలాడికి మతిపోయిందనుకున్నాడు ఎమరీ. ఇంత జనం ముందు వాడి పరువు పోతుందిలే అని లోపల సంబరపడ్డాడు కూడా.

సోలో వచ్చేటప్పుడు ట్రంపెట్ల వాళ్లంతా ట్రంపెట్లు పెదాలకి ఆనించి, తల తిప్పకుండా నిలబడాలి. మాస్టారు పెట్టిన నియమం అది. డెవాంటే గెంతుతూ ముందుకు వెళ్లి, టోపీ నేలకి తగిలేలా వెనక్కి వంగాడు. జనం హోరు మీదుగా పై స్వరం లేచింది. ఎక్కడా వణకలేదు. స్టేడియమంతా లేచి నిలబడింది, ఎమరీ వాళ్లమ్మతో సహా.

మైదానం దాటగానే ఎమరీ వాడి కాలరు పట్టుకున్నాడు.

"ఆ మూతితో ఎలా ఊదావురా?"

డెవాంటే నెత్తురు ఉమ్మి, వెనకాల ట్రంపెట్ పట్టుకుని కుంటుకుంటూ వస్తున్న ఇమానీ వైపు చూశాడు.

"నాకు ట్రంపెట్ ఊదడమే రాదన్నా."