నౌషాద్ గంట

“గంట మోగుతోంది కిరీటీ! నౌషాద్ దగ్గరికి పద!”

చెవిలో అనూహ్య అరిచిన అరుపుకి కిరీటి చేతిలోని పకోడీ పళ్ళెంలో పడేశాడు. కత్తి దూసి పరుగు తీశాడు.

పరుగూ కత్తీ టీవీ తెర మీదే లెండి. మనిషి మాత్రం తిరువూరులో తన ఇంట్లో, కుర్చీలో మఠం వేసుకుని కూర్చున్నాడు. అనూహ్య విస్సన్నపేటలో వాళ్ళ మేడగదిలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం. బయట వదలని ముసురు.

వీళ్ళిద్దరూ, నౌషాదూ ఒకే బడి. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో ‘అగ్నిదుర్గం’ ఆడటానికి ట్యూషన్లు ఎగ్గొట్టిన బ్యాచ్. ఇప్పుడు కిరీటికి పురుగుమందుల షాపుంది. అనూహ్యది బ్యాంకు ఉద్యోగం. నౌషాదేమో వాళ్ళ నాన్న లారీని తనే తోలుతున్నాడు. అగ్నిదుర్గానికి రీమేక్ వచ్చిందనగానే ముగ్గురూ వయసులు మరిచిపోయారు.

ఆటలో ఒక్కొక్కరికి ఒక్కో వీరుడు. ముగ్గురూ కలిసి కోట ఎక్కాలి. ఎవరైనా ఆపదలో పడితే ఒక బటన్ నొక్కాలి, మిగతావాళ్ళకి గంట వినబడుతుంది. గంట మోగితే ఏ పనిలో ఉన్నా వదిలేసి వెళ్ళాలన్నది నెట్ సెంటర్ రోజుల్లో వేసుకున్న ఒట్టు. నౌషాద్ మైకు పాడై చాలా రోజులైంది. కొత్తది కొనరా అంటే “నాకు మాటలెందుకు, గంట చాలు” అనేవాడు.

కిరీటి ఆయాసపడుతూ చేరేసరికి నౌషాద్ వీరుడు బండ మీద తాపీగా నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల ఈగ కూడా లేదు.

“ఏం లేదు కదరా! ఎందుకు కొట్టావు?”

గంట మళ్ళీ మోగింది.

“వాడికి నిద్రమత్తు,” అంది అనూహ్య. “పొద్దున మెసేజ్ చూడలేదా? కడుపులో నొప్పంట, కళ్ళు మూతలు పడిపోతున్నాయంట. వాళ్ళింట్లో వాళ్ళంతా గంపలగూడెం పెళ్ళికెళ్తే, ఆట కోసం దొంగ నొప్పి పెట్టుకుని ఉండిపోయాడు.”

“నిద్రలో బటన్ మీద చెయ్యి పడుతోందేమో. సరే, కాపలా కాద్దాం పట్టు.”

ఇద్దరూ నౌషాద్‌కి చెరో పక్క నిలబడ్డారు. ఊరికే నిలబడితే కబుర్లు రావా?

“వచ్చే నెల కార్ల రేసు గేమ్ దిగుతోంది, చూశావా?” అన్నాడు కిరీటి.

“ఏటా అదే గేమ్‌కి రంగేసి అమ్ముతారు. దానికంటే ఆ జాంబీలది నయం.”

“నాకు ఇదే చాలు అనూ. కానీ రీమేక్‌లో ఒక్కటి చెడగొట్టారు. పాతదాంట్లో పడిపోయినోణ్ణి లేపడానికి పసరుండేది. పరిగెత్తుకెళ్ళి నోట్లో పోస్తే లేచి కూర్చునేవాడు. ఇందులో పోయినోడు పోయినట్టే.”

“అదేరా మజా. ప్రాణమంటే ఆ మాత్రం భయం ఉండాలి.”

గంట మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది.

“వినబడిందిరా నాయనా, ఇక్కడే ఉన్నాం!” కిరీటి తెరకేసి విసుక్కున్నాడు.

అప్పుడొచ్చాయి తోడేళ్ళు. ఒకటీ రెండూ కాదు, కొండ మీద నుంచి మంద మంద.

“కత్తి తియ్యరా నౌషాద్!”

నౌషాద్ కత్తి తియ్యలేదు. గంట మాత్రం కొడుతూనే ఉన్నాడు. తోడేళ్ళన్నీ వాడి మీదికే వస్తున్నాయి.

“నువ్వు అడ్డం వెళ్ళకు,” అంది అనూహ్య. “నీ వాడు పోతాడు కిరీటీ. ఇన్ని నెలల కష్టం.”

అది కిరీటి రోజూ షాపు కట్టేసి వచ్చి, అన్నం కూడా మాని పెంచుకున్న వీరుడు. బొమ్మే కావచ్చు, ప్రేమ బొమ్మది కాదు.

“ఒట్టేసుకున్నాం కదా,” అని ముందుకు దూకాడు.

వీరుడు కూలిపోయాడు. కిరీటి తెర బూడిదరంగుకి తిరిగింది. మిగిలిన తోడేళ్ళని అనూహ్య నరికేసింది. నౌషాద్ వీరుడికి ఒక్క గీత కూడా పడలేదు.

గంట ఇంకోసారి మోగింది. చాలాసేపటికి మరోసారి. తర్వాత ఆగిపోయింది.

“హమ్మయ్య, బాబుగారికి ఇప్పటికి భయం తీరింది,” అని నవ్వింది అనూహ్య.

కిరీటికి నవ్వు రాలేదు. “వెధవని ఊరికే వదలను. రెండు వీధుల అవతలే కదా ఇల్లు. వీపు వాయగొట్టి, బిర్యానీ పెట్టించుకుని మరీ వస్తాను,” అని రెయిన్‌కోటు తగిలించుకుని బండి తీశాడు.

నౌషాద్ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫోను గోడకి ఛార్జింగులో వేలాడుతోంది. టీవీలో వాడి వీరుడు దర్జాగా బండ మీదే నిలబడి ఉన్నాడు. నౌషాద్ చాప మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. చేతిలో జాయ్‌స్టిక్ అలాగే ఉంది.

“లేవరా దొంగ సచ్చినోడా!” కిరీటి వీపు మీద ఒక్కటిచ్చాడు.

నౌషాద్ లేవలేదు.

వానలో ఆటో పట్టుకుని, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గంపలగూడెం నుంచి వాళ్ళమ్మ సర్దార్ బీ వచ్చేలోపే అంతా అయిపోయింది. కిరీటి కడుపునొప్పి సంగతీ, కళ్ళు మూతలు పడ్డ సంగతీ చెప్పాడు. డాక్టరమ్మ నౌషాద్ మోచెయ్యి తిప్పి చూపించింది. దోమ కుట్టినట్టు రెండు చుక్కలు.

“కట్లపాము. రాత్రి చాప మీద నిద్రలో ఉండగా కరిచి ఉంటుంది, నొప్పి కూడా తెలీదు. వేళకి తెస్తే మందు మా దగ్గరే ఉంది.”

ఆమె దుప్పటి పైకి లాగుతూ అడిగింది, “మాట పడిపోయాక కూడా కాసేపు వేళ్ళు ఆడతాయి కదండీ, ఎవర్నీ పిలవలేదా ఈయన?”