ఎవరికీ చెప్పకూడని ఇల్లు

“ఆత్మకూరు వీరభద్ర పెండ్లాము శివకుమారి ఎవరమ్మా? మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి, యాడుండావు?”

గుమాస్తా సుబ్బయ్య కేక హాలు దాటి బయట జెరాక్సు అంగడి దాకా వినిపించింది. బెంచీల మీదున్న నలభై తలలూ ఒక్కసారే తిరిగాయి. శివకుమారి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచింది.

కడపలో ఈ ఆఫీసు తెరిచి ఆరు నెలలు. జనం సొంత సమాచారం బయటికి పొక్కకుండా కాపాడటం దీని పని. ఆ మాటే గోడ మీద మూరెడు మూరెడు అక్షరాల్లో రాయించారు. ఆ గోడ కిందే ఒక అట్టపెట్టెలో ఫిర్యాదుదారుల ఆధార్ జెరాక్సులు కుప్పగా పడి ఉన్నాయి. ఉక్కకు తట్టుకోలేక ఒక పెద్దాయన అందులోంచి ఒకటి తీసుకుని విసురుకుంటున్నాడు.

“నా పేరు అట్ల అరుస్తావేందన్నా? నా సంగతి బయటికి పోకూడదనే కదా నేనొచ్చింది.”

“అరవకుంటే నీకెట్ల వినపడతాది? సరే, చెప్పు. మొగుడు కొట్టినాడా?” సుబ్బయ్య అదే గొంతుతో అడిగాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. అధికారి భూపేష్ బయటికొచ్చాడు. నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో లావుపాటి నల్ల మార్కరు.

“సుబ్బయ్యా, మూడు దినాలు ట్రైనింగిస్తే నిద్రపోయి వచ్చినావా? మనిషి మానం తీస్తాండావు. నీకు మెమో ఇస్తాండా. నువ్వు రామ్మా లోపలికి.”

ఇన్నాళ్లకు ఒక మనిషి లాంటి మనిషి కనిపించాడని శివకుమారికి ప్రాణం లేచొచ్చింది. భూపేష్ తలుపు వేశాడు. కిటికీ వేశాడు. టీ తెచ్చినవాణ్ణి గడప అవతలే నిలబెట్టి పంపేశాడు. ఆమె అర్జీ ముందు పెట్టుకుని, పేరు కనిపించిన ప్రతిచోటా మార్కరుతో నల్లగా దిద్దాడు.

“ఈ నిమిషం నుంచి నీకు పేరు లేదు. నువ్వు ఫిర్యాదుదారు ఏడు. ఇప్పుడు చెప్పు.”

“చీరల అంగట్లో బిల్లుకని నంబరు అడిగితే, కొత్తగా తీసుకున్నది ఇచ్చినా సార్. ఫాలు కుట్టి ఇంటికి పంపుతామంటే అడ్రసూ రాయించినా. వాళ్లు నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చినారు. అందులో మా ఆడబిడ్డ ఉండాది. నా నంబరు పట్టుకపోయి మా ఆయనకిచ్చింది. దినమూ ఫోను చేస్తాండాడు. నీ ఇల్లు యాడుందో కనుక్కుంటా, ఈసారి రెండో చెయ్యి అంటాండాడు.”

మొగుడు విరిచిన ఆమె ఎడమ మణికట్టు అతుక్కుంది గానీ వంకర అట్లే మిగిలిపోయింది.

“నంబరు పోతే పోయింది సార్. ఇల్లొకటే ఆయనకు తెలీదు. అంగడోళ్లు అది కూడా చెప్పేలోపల మీరు ఆపాల.”

“ఆపుతా. ఇల్లు యాడ?”

ఆమె మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది.

“దేన్ని దాచాలో తెలీకుంటే ఎట్ల దాచేదమ్మా?”

నిజమే కదా అనిపించింది. చిన్నచౌకు, మూడో సందు, నీళ్ల ట్యాంకు ఎదురు మేడ, పైగది అని చెప్పింది. అతను గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నాడు.

“ఎవరికి తెలియకూడదు?”

“మా ఆయనకు.”

“ఆయన పూర్తి పేరు, వీధి, ఊరు, పిన్‌కోడు.”

“ఆయన పిన్‌కోడు ఎందుకు సార్?”

“ఎవరికి చెప్పకూడదో ఫైల్లో లేకుంటే రేపు మేమే పొరపాటున చెప్పేస్తాము. అన్నిటికీ ఒక పద్ధతి ఉంటాదమ్మా.”

చచ్చిన మనిషి చచ్చినాడని కాగితమివ్వడానికి ఏడాది తిప్పించుకునే ఆఫీసులు మనవి. ఈ భూపేష్ మాత్రం తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు తీశాడు. రిజిస్టరు పోస్టులో వచ్చింది. శివకుమారి మేడమెట్ల మీదే కూర్చుని కవరు చింపింది.

రెండు పేజీలు. ఆమె పేరు ఉండాల్సిన చోటల్లా నల్లటి మచ్చ. ఎండకు పట్టి చూసినా అక్షరం కనపడదు. చీరల అంగడివాళ్లు ఆమె వివరాలు వారంలోగా చెరిపేయాలట, లేకుంటే జరిమానా అట. చివర్లో పెద్ద అక్షరాలతో అసలు మాట: ‘చిన్నచౌకు మూడో సందు, నీళ్ల ట్యాంకు ఎదురు మేడ, పైగదిలో నివసించు ఫిర్యాదుదారు ఏడు యొక్క చిరునామాను ఎవ్వరికీ వెల్లడించరాదు.’

నా కాగితంలో నా ఇల్లు రాయక ఎవరి ఇల్లు రాస్తారులే అనుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. కాగితం మడిచి రవికలో పెట్టుకుని భూపేష్‌కు ఫోను చేసింది.

“ఆర్డరు వచ్చింది సార్. మీ మేలు మర్చిపోను. ఇంక నేను భయపడే పని లేదు కదా?”

“ఏం భయం లేదమ్మా. ట్రైనింగులో చెప్పింది ఒక్క అక్షరం తప్పలేదు నేను. సంబంధించిన వాళ్లందరికీ కాపీలు పంపించినా.”

“అందరికీ అంటే అంగడోళ్లకా సార్?”

“వాళ్లకూ పంపినా, మీ ఆయనకూ పంపినా. నీకంటే రెండు దినాలు ముందే సంతకం పెట్టి తీసుకున్నాడు. ఏ ఇంటికి రాకూడదో ఆయనకు తెలియాల కదమ్మా.”