కులపెద్దలు ఇప్పించిన విడాకులు

పీలమేడులో కులపెద్దలు నలుగురు కూర్చుని, కాఫీ చల్లారేలోపే నవనీతకృష్ణన్‌కు విడాకులు ఇప్పించారు. స్టాంపు కాగితం మీద అతని భార్య అభిరామి మారుమాట లేకుండా సంతకం పెట్టింది. ఎంత అణకువగల పిల్లో అని పెద్దలు మెచ్చుకున్నారు.

నెల తిరక్కముందే అతను పళనిలో రెండో పెళ్ళికి ముహూర్తం పెట్టించాడు. పెళ్ళికూతురి తండ్రి ఎందుకైనా మంచిదని ఆ కాగితాన్ని ఒక వకీలమ్మకు చూపించాడు. ఆమె పగలబడి నవ్వింది. విడాకులిచ్చేది కోర్టేగాని పెద్దలు కాదని, మొదటి పెళ్ళి ఇంకా నిలిచే ఉందని, మళ్ళీ తాళి కడితే జైలుకు పోవాల్సి వస్తుందని చెప్పింది.

పెళ్ళి ఆగిపోయింది. పెద్దలు నలుగురి ఫోన్లూ స్విచాఫ్ అయ్యాయి.

నవనీతకృష్ణన్ అభిరామి దగ్గరికి పరుగెత్తాడు. “కోర్టుకు పోదాము రా. ఇద్దరమూ ఒప్పుకుంటే సీక్రంగా ముగిసిపోతుందంట.”

“ముందు ఏడాది వేరుగా ఉండాల. అప్పురం ఆరు నెలలు యోచన చేసుకొమ్మంటారు,” అంది అభిరామి.

“ఇదంతా నీకెట్లా తెలుసు?”

“సంతకం పెట్టే ముందురోజే వక్కీలును అడిగినాను. ఆ కాగితం చెల్లదని చెప్పినాకనే పెట్టినాను.”