పెద్దేరు లోయలో గేర్ల సైకిలు

కిందపడగానే త్రినాధరావు మొదట సైకిలుకేసి చూసుకున్నాడు, తర్వాత కాలికేసి. సైకిలుకి ఏమీ కాలేదు. కుడి చీలమండ మాత్రం చూస్తూండగానే వాచిపోయింది.

మాడుగుల పైన కొండల్లోంచి పెద్దేరు దిగే లోయ అది. ఒక పక్క ఏరు, ఇంకో పక్క పొదలు, మధ్యలో రాళ్ళ బాట. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే త్రినాధరావు ఆ ఏడే విశాఖపట్నం సైకిళ్ళ క్లబ్బులో చేరాడు. నెల తిరక్కుండానే క్లబ్బులో ఎవరూ అతని కంటికి ఆనలేదు. బీచిరోడ్డు మీద తొక్కేవాళ్ళు కూడా సైకిలిస్టులేనా అన్నాడు. అందుకే ఆ చలికాలం ఆదివారం గేర్ల సైకిలు మీద ఒక్కడే కొండెక్కాడు. దిగుతుంటే మలుపులో రాయి తగిలింది.

సెల్లులో సిగ్నలు లేదు. గొంతు పోయేలా అరిచాడు. చాలాసేపటికి పైనుంచి ఒక ఆడమనిషి దిగుతూ కనిపించింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా దుప్పటి కప్పుకుంది. బాతులా నడుస్తోంది.

"ఏయ్, ఇలా రా! ఇంతసేపట్నించీ అరుస్తుంటే వినబడదా?"

ఆమె వచ్చి కాలు చూసింది. "ఇరిగినట్టుంది బాబు."

"అది నాకూ తెలుసు. మగాళ్ళెవరైనా ఉంటే పిలు."

"ఎవులూ నేరు. ఊరంతా సంతకెల్నారు. మా ఆయన ముందు దిగిపోనాడు."

"తాగడానికా?"

ఆమె దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కొండవాళ్ళ గురించి తనకి తెలియందేముందని త్రినాధరావు తృప్తిపడ్డాడు.

"నేను సీటు మీద కూచుంటాను. బ్రేకులు నేను చూసుకుంటాను. నువ్వు హేండిలు పట్టుకుని రోడ్డుదాకా నడిపించు. ఊరికే కాదు, డబ్బులిస్తాలే."

ఆమె కిందికి పోయే దారికేసి చూసింది. వాలుతున్న పొద్దుకేసి చూసింది. దుప్పటి లోపల చేతులు పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"సీకటడితే ఎలుగులొత్తాయి. నిన్నొగ్గేసి ఎలాగెల్తాను? లెగు."

తనని 'నువ్వు' అన్నందుకు అతనికి ఒళ్ళు మండింది. అయినా ఆమె భుజం పట్టుకునే లేచాడు.

ఆమె పేరు కొండతల్లి. అతను అడగలేదు.

బయల్దేరిన కాసేపటికే ఆమె ఆగింది. రెండు చేతులతో హేండిలు పట్టుకుని తల వంచింది. ముక్కుతో గట్టిగా ఊపిరి తీసింది. మళ్ళీ నడిచింది. ఇంకొంచెం దూరం పోయాక మళ్ళీ ఆగింది.

"పొద్దున్నే కల్లు పట్టించేవా ఏటి?"

"నేదు బాబు."

"మరి ఈ ఆగడం దేనికి? ఎక్కువ గుంజుదామనా? అలాటివి నా దగ్గర చెల్లవు."

ఆమె నుదురు తుడుచుకుంది. అంత చలిలోనూ చెమట కారుతోంది. ఒళ్ళు వంచి పని చేసే అలవాటు లేదు కాబోలు అనుకున్నాడు.

"నీ సైకిలికి స్టేండు నేదు, కేరియరూ నేదు. ఏటికి బాబు ఇది?" అందామె. "కేరియరుంటే నీ ఎనకాల నేనూ కూసుందును."

త్రినాధరావుకి అంత నొప్పిలోనూ నవ్వాగలేదు. "నువ్వెక్కితే టైరు పేలిపోద్ది!"

బాట ఏరు దాటే చోట నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఆమె సైకిలుని నీళ్ళలోకి దింపింది. సరిగ్గా నడిమధ్యకి వచ్చాక ఆగిపోయింది. హేండిలు మీద ఒరిగిపోయి పళ్ళు బిగబట్టింది. సైకిలు ఒక పక్కకి వాలింది.

"పడేస్తావా ఏటి! కదులు!"

"ఉండు బాబు... కూసింతసేపుండు..."

"బద్ధకం కాకపోతే ఏటిది? మీ బతుకులు అందుకే అలా ఉన్నాయి. గవర్నమెంటు ఎంత పెట్టినా దండగే."

ఆమె తల ఎత్తలేదు. కాస్త తేరుకున్నాక సైకిలుని అవతలి ఒడ్డుకి తోసింది. గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఆమె గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. ఇదీ నాటకంలో భాగమే అనుకుని త్రినాధరావు వినిపించుకోలేదు.

పొద్దుగూకేవేళకి రోడ్డు కనిపించింది. అక్కడ ఒక జీపు ఆగి ఉంది. త్రినాధరావు ప్రాణం లేచొచ్చింది. తను పడ్డం ఎవరో చూసి కబురు పెట్టి ఉంటారు. అనకాపల్లిలో తన పరపతి అలాంటిది.

లుంగీ ఎగ్గట్టిన మనిషి ఒకడు ఎదురు పరిగెత్తుకొచ్చాడు. కొండతల్లి మొగుడు బాలన్న. ముందు పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"ఇంతసేపేటే?"

ఆమె గడ్డంతో సైకిలు మీది మనిషిని చూపించింది. బాలన్న జీపు డ్రైవర్ని పిలిచాడు. డ్రైవరూ అతనూ కలిసి త్రినాధరావుని ఎత్తి జీపు వెనక ఎక్కించారు. అతను సీటు పొడుగునా కాలు చాపుకున్నాడు.

"ఈ సీట్లోకి ఎవర్నీ ఎక్కించకండి. కాలు కదలకూడదు. సైకిలు పైన కట్టండి, గీత పడకుండా. తిన్నగా ఆసుపత్రికి పోనీ."

జేబులోంచి నోటు ఒకటి తీసి కొండతల్లివైపు చాపాడు. ఆమె అందుకోలేదు. జీపు చక్రం పట్టుకుని నేలమీద కూలబడింది.

"చూశావా, చాలదంట!" అన్నాడు డ్రైవరుతో. "ఇదీ వీళ్ళ వరస. పద, పద."

డ్రైవరు కదల్లేదు. బాలన్న వెనకనుంచి తల లోపలికి పెట్టాడు. అతని గొంతులో కోపం లేదు, తొందర మాత్రమే ఉంది.

"బాబూ, నువ్వు కూసింత ఓరకి జరుగు, ఈ జీపు నేను తెచ్చింది దాని కానుపుకి, పొద్దున్నుంచీ నొప్పులు పడతంది."