పెట్టె ఒప్పుకుంటేనే వేట

ఇప్పుడు పడవలన్నిటికీ పెట్టెలు బిగించారు. గాలినీ అలనూ చూసుకుని పెట్టె ఒప్పుకుంటేనే ఇంజను కదులుతుంది. అవి వచ్చాక మా పేటలో తెడ్లన్నీ పొయ్యిల్లోకి పోయాయి.

ఆ ఉదయం పెట్టె సరేనన్నాకే మా అన్న కొర్లయ్య ఒక్కడూ వేటకెళ్లాడు. తిరిగొస్తుంటే గాలి మారి, ఒడ్డున నిలబడ్డ మా కళ్లముందే పడవ బోల్తాపడింది. అన్న దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. నేను నా పడవెక్కి మీట నొక్కుతూనే ఉన్నాను. పెట్టె మీద ఎర్రదీపం ఆరలేదు, పెట్టె ఏదో చెబుతూనే ఉంది.

"ఏటంతంది మరిదీ?" అని అరిచింది వదిన కాసులమ్మ.

"అల పెద్దదంట. నా పేణం దానికి ముక్కిమంట."

"మీ అన్న ములిగిపోతన్నాడని సెప్పరా!"

"సెప్పేను వదినా, ఇన్లేదు."

"దీనికి ఈతొచ్చేటి, సుద్దులు సెప్తంది!"

అందరం కలిసి పడవను చేతులతో నెట్టాం. అల దాన్ని మళ్లీ ఇసుకలోకే విసిరేసింది. ఈదబోతే మమ్మల్నీ విసిరేసింది.

పొద్దు వాలేసరికి అల తగ్గింది. దీపం పచ్చబడి ఇంజను దానంతటదే మోగింది. దూరంగా బోల్తాపడిన పడవ తేలుతోంది. దాని మీద ఎవరూ లేరు.

మాలో ఆడవాళ్లు వేటపడవ ఎక్కరు. వదిన అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. దిగమని ఎవరమూ అనలేదు.