టైముకు రాని గుడ్లు

"రావాల్సింది నిన్న పన్నెండుకు. నువ్వు వచ్చింది ఈ పొద్దు ఆరుకు" అన్నాడు రెడ్డెప్ప.

మోపెడ్ మీద వచ్చిన మనిషి పెట్టె దించి వసారాలో నీడన పెట్టాడు. పెట్టెకు తడి గోనెపట్ట చుట్టి ఉంది.

"నిన్న పుంగనూరులోనే నిలిపేసినానన్నా. ఎండ జాస్తిగా ఉండె."

"ఎండ నీకా, గుడ్లకా?"

ఆ మనిషి నవ్వాడు. "ఇద్దరికీ అనుకోన్నా."

"పక్కింటి మల్లప్పకు నిన్న పన్నెండు కొట్టేలోపల జీపులో తెచ్చిచ్చి పోయినారు. ఆ జీపు మీద లేని ఎండ నీ బండి మీదనే కాసిందా?"

ఆ మనిషి జేబులో నుంచి రసీదు కాగితం తీశాడు.

మంగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. రెడ్డెప్ప భార్యను కళ్లతోనే లోపలికి పొమ్మన్నాడు.

"సంతకం పెట్టించుకోని పో అప్పా. మా పంట పోగొట్టింది సాలు."

ఆ మనిషి సంతకం తీసుకున్నాడు. "రేపు తెల్లారి వెలుగు సూపించన్నా" అని చెప్పి, నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు.

అది 2009 ఏప్రిల్. నిమ్మనపల్లె దగ్గర రెడ్డెప్పకు ఎకరా మల్బరీ తోట ఉంది. అంతకుముందు మొగుడూ పెళ్లాం టమాటా తోటల్లో కూలికి పోయేవాళ్లు. ఇది వాళ్ల మొదటి పట్టు పంట. ఆకు కోతకు వచ్చింది. ఈ పంట పోతే మళ్లీ కూలికే పోవాలి.

పట్టుపురుగుల గుడ్లను ఇంటర్నెట్‌లో అమ్మే కంపెనీ ఒకటి బెంగళూరులో కొత్తగా పెట్టారు. కుప్పంలో దాని డిపో ఉంది. మదనపల్లెలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఉష, రెడ్డెప్ప తరఫున ఆర్డరు పెట్టింది. చెప్పిన టైముకు చేరకపోతే నాలుగు వేల రూపాయల పరిహారం అని స్క్రీను మీద చదివి వినిపించింది.

పగలబోయే గుడ్లను నల్లగుడ్డలో చుట్టి పంపుతారు. పగలాల్సిన రోజు తెల్లవారగానే గుడ్డ విప్పి వెలుగు చూపిస్తే అన్నీ ఒకేసారి పగిలి పురుగులు బయటికి వస్తాయి. అందాకా విప్పకూడదు. లోపల ప్రాణం ఉందో లేదో అందాకా తెలియదు.

రెడ్డెప్ప అందాకా ఆగలేదు. పది గంటల బస్సుకు మదనపల్లె పోయాడు.

"పరిహారానికి రాయమ్మా. పంట పోయినట్టే."

"గుడ్లు సూసినారా అన్నా?" అంది ఉష.

"సూసేదేముండాది? దారిలోనే పగిలుంటాయి. ఆకు లేక సచ్చుంటాయి."

ఉష ఫిర్యాదు పేజీ తెరిచింది.

"ఆలస్యానికి కారణం అడుగుతాండాదన్నా. ఎండ, వాన, బండి సెడిపోవడం, ఇవి రాస్తే పరిహారం రాదు. తెచ్చిన మనిషి తప్పయితేనే వస్తాది. ఆయప్ప ఏం సెప్పినాడు?"

రెడ్డెప్ప గోడ మీది క్యాలెండరు చూశాడు.

"మనిషి తప్పే అని కొట్టు."

శుక్రవారం తెల్లవారింది. మంగమ్మ నల్లగుడ్డ విప్పింది. గంటకల్లా షీట్ల మీద పురుగులు కదిలాయి. పగలని గుడ్డు కోసం ఇద్దరూ వెతికారు. పదో పన్నెండో కనిపించాయి.

"నీళ్లన్నా తాగనియ్యలేదు నువ్వు" అంది మంగమ్మ, ఆకు సన్నగా తరుగుతూ.

ఎనిమిదింటికి మల్లప్ప వచ్చాడు. తట్టలోకి వంగి చాలాసేపు చూశాడు.

"నావి మూడొంతుల్లో రెండొంతులు పగల్లేదప్పా. మిట్టమధ్యానం జీపు రేకు కింద తెచ్చినారు, ఉడికిపోయినాయి. నీకు తెచ్చినోడు యెవురు?"

"పేరు అడగలేదు" అన్నాడు రెడ్డెప్ప.

పురుగులకు గంటగంటకూ ఆకు వేయాలి. మూడు రోజులు అతను కదల్లేకపోయాడు. సోమవారం మదనపల్లె పోయాడు.

"ఆ ఫిర్యాదు కొట్టేయమ్మా. నాకు దుడ్డు వద్దు."

"ఇంగెట్ల కొట్టేసేదన్నా? నాలుగు వేలు శాంక్షన్ అయిపోయినాది. ఆయప్పను అడిగితే తప్పు నాదే అన్నాడంట. పనిలో నుంచి తీసేసినారు."

"తప్పు నాదే అన్నాడా?"

"ఈడ అట్లనే రాసుండాది. పేరు శంకరప్ప. పుంగనూరు."

రెడ్డెప్ప అటునుంచి అటే పుంగనూరు బస్సెక్కాడు. ముగ్గురిని అడిగి ఇల్లు పట్టుకున్నాడు. గుమ్మంలో కూర్చుని ఒకామె చింతపండు గింజలు తీస్తోంది.

"శంకరప్ప ఉండాడా అమ్మా?"

"మా ఆయన నిన్ననే పోయినాడన్నా. కోలారు పక్క క్వారీలో పని ఉండాదంటే పోయినాడు. మళ్లీ యెప్పుడొస్తాడో."

"తప్పు తనదేనని యాల ఒప్పుకున్నాడమ్మా? ఎండ అని సెప్పింటే పోయేది గదా."

"ఎండ అంటే ఆ రైతుకు దుడ్డు రాదంట. ఫోన్లో అడిగినప్పుడు నేను పక్కనే ఉండాను. సెప్పుమని నేను సైగ జేస్తే, 'ఆయప్ప ఆకు కోసిపెట్టుకోని బయపడతా ఉంటాడు, దుడ్డన్నా రానీలే' అన్నాడు."

రెడ్డెప్ప తానెవరో చెప్పలేదు. వెళ్లబోయి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"గుడ్లకు ఎండ తగలకూడదని ఆయనకు ఎట్ల తెలుసమ్మా?"

ఆమె గింజ తీసి పక్కన వేసింది.

"మాకూ ఆకుతోట ఉండెన్నా. నాలుగేండ్ల కింద వేరే కంపెనీవాళ్లు మండే ఎండలో గుడ్లు తెచ్చిచ్చి సంతకం పెట్టించుకోని పోయినారు, ఒగటీ పగల్లేదు. సెప్పిన టైముకే సేరినాయి గదా అని మాకు పరిహారం లేదన్నారు."